ఎంటెబ్బే దాకా పాకిన వీడ్కోలు

ఆ ఆదివారం పొద్దున జిలానీ మూడు పనులు పెట్టుకున్నాడు. ఆఫీసులో వీసాల పనులు చూసే మందూబ్‌ని పట్టుకుని తనకీ, భార్య ఫక్రున్నీసాకీ, కూతురు ఫర్జానాకీ ఎగ్జిట్ రీఎంట్రీ వీసాలు అడగడం, ముగ్గురికీ ఎల్లో ఫీవర్ టీకాలు వేయించడం, చక్రాలు సరిగ్గా తిరిగే సూట్‌కేసు ఒకటి కొనడం. ఇవన్నీ మూడో కంటికి తెలియకుండా జరిగిపోవాలి. సౌదీలోని ఈ అల్ ఖోబర్‌లో ఒకడు సూట్‌కేసు కొంటే సాయంత్రానికల్లా పక్క ఊరు దమ్మామ్‌లో దానిమీద చర్చ జరుగుతుంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంటున్న మనిషికి ఈ సంగతి గుర్తు రాకపోవడం ఆశ్చర్యమే.

ప్రయాణం ఉగాండాకి. విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఎంటెబ్బేలో దిగి అక్కడ రెండు రోజులు, పక్కనే ఉన్న రాజధాని కంపాలాలో ఒక రోజు, ఆ తర్వాత సఫారీ. ఎంటెబ్బేలో ముసోకే ఉన్నాడు. ఒకప్పుడు వీళ్ల కంపెనీ గేటు దగ్గర గార్డుగా చేసేవాడు. అతను జ్వరంతో పడిపోయినప్పుడు ఫక్రున్నీసా తొమ్మిది రోజులు గంజి కాచి పంపింది. అది మరచిపోలేక, నాలుగేళ్లుగా ప్రతి పండక్కీ ఫోన్ చేసి రమ్మంటూనే ఉన్నాడు.

ఇందులో దాచాల్సిందేముంది అంటారా? అది రెండువేల పద్దెనిమిది. వెంట ఉన్న కుటుంబాల మీద సౌదీ సర్కారు తలకింతని లెవీ వేసి రెండో ఏడు. ఎవరింట చూసినా పెళ్లాం పిల్లల్ని ఇంటికి పంపేసే మాటే. ఫర్జానాకి పదో తరగతి అయ్యేదాకా ఎంత కష్టమైనా ముగ్గురం ఒకచోటే ఉందామని జిలానీ దంపతులు గట్టిగా అనుకున్నారు. జనం అలా కన్నీళ్లతో విమానాలెక్కుతుంటే, మేం సింహాల్ని చూడ్డానికి పోతున్నామని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ప్రొద్దుటూరు మనిషికి మొహమాటం కాస్త ఎక్కువే.

అప్పటికే మందూబ్ బల్లమీద మూడు పాస్‌పోర్టులు కలిసి కనబడ్డాయి. ఆ ఏడాది మూడు పాస్‌పోర్టులు కలిసి కనబడితే దానికి ఒకటే అర్థం, సంసారం ఎత్తేసి పోతున్నారని. సాయంత్రం ఆరింటికల్లా నంద్యాల మస్తాన్ వలీ చేతిలో కొలత టేపుతో గుమ్మంలో నిలబడ్డాడు. అతను గడియారాల షాపులో సేల్స్‌మన్, నలుగురితో కలిసి పక్క వీధిలో రూములో ఉంటాడు.

“అన్నా, ఫ్రిజ్ ఎవురికన్నా మాటిచ్చినావా?”

“ఫ్రిజ్జేందిరా?”

“నాకాడ దాపరికమెందుకన్నా? పోతాండారంట గదా.”

“పది దినాలకు పోతాండాం. మళ్లా వస్తాం.”

“మౌలా సాహెబూ ఇదే మాట చెప్పినాడు. పోయి ఏడు నెల్లాయె,” అంటూ మస్తాన్ వలీ ఫ్రిజ్ వెడల్పు కొలిచాడు.

“నా సంగతి సరే, గడియారాల షాపుల్లో సౌదీల్నే పెట్టుకోవాలని ఉత్తర్వు వచ్చిందంట, నీ సంగతేంది?”

“నాకు వీసా ఇచ్చిన కఫీల్ నన్ను ఇడిసిపెడతాడా? నేను ల్యాకుంటే ఆ షాపులో ఒక్క గడియారమన్నా తిరుగుతాదా!” అని నవ్వి, ఎత్తు కూడా కొలుచుకుని వెళ్లిపోయాడు.

బుధవారం టీకాలు వేయించుకుని, ముగ్గురూ చేతులు రుద్దుకుంటూ ఇంటికొచ్చారు. ఫక్రున్నీసా వంటింట్లో అడుగు పెట్టి “యా అల్లా!” అంది. ఫ్రిజ్ ఉండాల్సిన చోట గోడ ఉంది. పెరుగు గిన్నె, నిమ్మకాయలు, సగం కోసిన పుచ్చకాయ నేలమీద వరసగా కూర్చున్నాయి. పక్కనే మొండయ్య నిలబడ్డాడు. జగిత్యాల మనిషి, కంపెనీలో ఏసీ మెకానిక్. బిల్డింగులో ఇళ్ల తాళాలు అతని దగ్గరే ఉంటాయి.

“మస్తాన్ భాయ్ చెప్పిండు సాబ్. పోయేటోళ్లకు మోసుడు తిప్పలెందుకని మేమే మోసినం,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “పెరుగు మాత్రం పారబొయ్యలే.”

ఏడుస్తున్న మనిషిని ఎవరు తిడతారు? ఫక్రున్నీసా అతనికే గ్లాసుడు మజ్జిగ కలిపిచ్చి, తిట్లన్నీ మొగుడి కోసం దాచుకుంది.

“ఇప్పుడన్నా నిజం చెప్పయ్యా! రేప్పొద్దున మంచాలు గూడా ఎత్తకపోతారు!”

“రేపు చెప్తాలే,” అన్నాడు జిలానీ.

రేపు, అంటే గురువారం, కంపెనీ క్యాంపు మెస్సులో వీడ్కోలు విందు పెట్టారు. బిర్యానీ గుండిగలు రెండు దిగాయి. సౌదీ మేనేజర్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నిజం చెప్పేద్దామని జిలానీ లేవబోయాడు. అంతకంటే ముందు మొండయ్య లేచాడు.

“నితాఖత్ అప్పుడు కాయితాల్లేనోళ్లు ఇంటికి పోనీకి సర్కార్ మోహ్లత్ ఇచ్చినప్పుడు నాకు ఈడ ఉండే ఇకామా కార్డు లేకుండె. గీ సాబ్ మూడు దినాలు ఎండల నాతోని లైన్ల నిలవడ్డడు. కాయితం రాసిండు, నీళ్లు తాపిండు. నేను ఇంటికి పోయి నా తల్లిని జూసి మల్ల అచ్చిన్నంటే గీయన వల్లనే. నాకు మాట్లాడరాదు, అంతే,” అని కూలబడ్డాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచారు. ఎవరికో అరబ్బీ ఫారం నింపిపెట్టాడట, ఎవరి తమ్ముడికో రక్తం ఇచ్చాడట. వాటిలో సగం జిలానీకే గుర్తు లేవు. చివర్న మస్తాన్ వలీ తన షాపు నుంచి తెచ్చిన గోడ గడియారం చేతిలో పెట్టాడు. దానిమీద ‘జిలానీ అన్నా, మమ్మల్ని మరవద్దు’ అని రాసి ఉంది. జిలానీ ఆ గడియారాన్ని రొమ్ముకి హత్తుకున్నాడు. ఇంతమంది తనమీద ఇంత ప్రేమ పెట్టుకున్నారని పదకొండేళ్లలో ఒక్కనాడూ అనుకోలేదు. కన్నీళ్లయితే వచ్చాయి గానీ సింహాల మాట నోట రాలేదు. మేనేజర్ కళ్లద్దాలు తుడుచుకుని, పక్కనున్న మందూబ్ చెవిలో ఏదో చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం దమ్మామ్ ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు అధికారి కంప్యూటర్ చూసి ఆదరంగా నవ్వాడు. “ఖురూజ్ నిహాయీ. ఫైనల్ ఎగ్జిట్. దేవుడు నీకు మేలు చేస్తాడు,” అన్నాడు.

“ఏమయ్యా, ఏమంటాండాడు?” అంది ఫక్రున్నీసా.

“ఇంక రావద్దంటాండాడు.”

ఫర్జానా మొహం పాలిపోయింది. ఈ గీత దాటితే ఇకామాలు పోయినట్టే. ఆ పిల్ల బడీ, వీళ్ల కాపురం, అన్నీ పోయినట్టే. జిలానీ మందూబ్‌కి ఫోన్ చేశాడు.

“మేనేజరే మార్చమన్నాడు. నువ్వు మొహమాటస్తుడివి, నోరు తెరిచి అడగలేవని మేమే చేశాం,” అన్నాడు మందూబ్ గర్వంగా. విషయం విన్నాక గబగబా మేనేజర్‌కి ఫోన్ చేసి చూశాడు. మళ్లీ మార్చాలంటే మేనేజర్ ఒప్పుకోవాలి. ఆయన నమాజు చేసి, భోంచేసి, ఫోన్ కట్టేసి పడుకున్నాడు. విమానానికి గంటంపావు ఉంది.

వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మొండయ్య, మస్తాన్ వలీ ఇంకా బయటే నిలబడి ఉన్నారు. జిలానీ ఫోన్‌లో మొండయ్యకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“సింహాలా?”

“ఔ మొండయ్యా, సింహాలు.”

“నిన్ననే చెప్తే అయిపోవు గద సాబ్! బిర్యానీ ఎట్లన్న తింటుంటిమి.” “ఇగ ఫోన్ పెట్టుండ్రి,” అన్నాడు.

మేనేజర్ విల్లాలో ఏసీలన్నీ మొండయ్య చేతిమీదుగా పెట్టినవే. అక్కడి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, పెద్దసాబ్ పడకగది ఏసీ బ్రేకర్ ఆపేయమన్నాడు. ఆగస్టు నెల ఖోబర్ ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఏడో నిమిషంలో మేనేజర్ లేచాడు. ఎనిమిదో నిమిషంలో ఫోన్ ఆన్ చేసి, ఏసీ చెడిపోయిందని మొండయ్యకే ఫోన్ చేశాడు. మొండయ్య ఏసీ సంగతి తర్వాత చూద్దామని, ముందు వీసా సంగతి చూడమన్నాడు.

అరగంటలో ఫైనల్ ఎగ్జిట్ రద్దయింది, రీఎంట్రీ వచ్చింది. ఆ ముగ్గురూ పరుగెత్తుకుంటూ అందరికంటే ఆఖర్న విమానమెక్కారు.

ఎంటెబ్బేలో ముసోకే జిలానీని కౌగిలించుకుని వదల్లేదు. సరస్సు సముద్రమంత ఉంది గానీ గాలిలో ఉప్పు లేదు. ఖోబర్ ఎండకి మాడిన మొహాలకి ఆ చల్లగాలి తగులుతుంటే ఫక్రున్నీసా ఒడ్డునే కూర్చుండిపోయింది. వేయించిన చేపలు తిన్నారు, మనిషెత్తు కొంగల్ని చూసి ఫర్జానా కేకలు పెట్టింది. రెండు రోజులు హాయిగా గడిచాయి.

మూడో రోజు కంపాలా చూపిస్తానని ముసోకే కారెక్కించాడు. కొండమీది పెద్ద మసీదు మినారు ఎక్కుదామని ఫర్జానా అంటే, “సాయంత్రం ఎక్కుదాం,” అని ముందు ఒక రెండు గదుల ఇంటికి తీసుకెళ్లాడు. గోడలకి సున్నం ఇంకా తడిగా ఉంది. తర్వాత ఒక బడికి తీసుకెళ్తే, హెడ్‌మాస్టరు ఫర్జానాని లెక్కలు అడిగాడు. ఆ తర్వాత గడియారాల దుకాణం. అందులో గుజరాతీ సేఠ్ జిలానీని ఎగాదిగా చూసి, “హిందీ, అరబ్బీ వచ్చిన నమ్మకమైన మనిషే కావాలి. ఎప్పట్నుంచి వస్తావు?” అన్నాడు.

“ఎక్కడికి?” అన్నాడు జిలానీ.

“మీరు బయల్దేరకముందే మస్తాన్ ఫోన్ చేశాడు, ఖోబర్‌లో ఉన్నప్పటి నుంచీ మాకు స్నేహం. నీకు అక్కడ పని అయిపోయిందని చెప్పాడు,” అన్నాడు ముసోకే. “జ్వరమొచ్చినప్పుడు నన్ను మీరు వదిలేశారా? మిమ్మల్ని నేనెలా వదిలేస్తాను?”

జిలానీ ఈసారి మొహమాటపడకుండా నిజం చెప్పేశాడు. ముసోకే మొదట చిన్నబుచ్చుకున్నా తర్వాత పగలబడి నవ్వాడు. ఫక్రున్నీసా మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంది. “గంజి తాపితే ఇల్లు జూసిపెట్టినాడే ఈయప్ప! మనం అదృష్టవంతులమయ్యా.” ఆ సాయంత్రం మినారు ఎక్కి ఊరంతా చూశారు. మర్నాడు సఫారీకి వెళ్లారు. ఇంత గొడవ పెట్టిన సింహం వీళ్లకి వీపు చూపించి నిద్రపోయింది.

తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ దాని చోట్లో ఉంది. లోపల మొండయ్య తోడుపెట్టిన పెరుగు ఉంది. సింహం వీపు ఫొటో చూడ్డానికి క్యాంపంతా వచ్చింది. ఒక్కరి మొహంలోనూ అసూయ లేదు. ముందే చెప్పనందుకు మాత్రం ప్రతి ఒక్కరూ తిట్టారు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం మస్తాన్ వలీ వచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు. కఫీల్ చేతిలో కాగితం పెట్టాడట. నవంబరు నుంచి షాపులో ముగ్గురు సౌదీ కుర్రాళ్లు.

“నంద్యాలకు పోయి ఏం జేయాలన్నా?” అన్నాడు.

జిలానీ అక్కడికక్కడే కంపాలాకి ఫోన్ కలిపాడు. సేఠ్‌కి ఇంకా మనిషి దొరకలేదు. ముసోకే చూసిన ఇల్లూ ఖాళీగానే ఉంది, సున్నం ఆరింది. మస్తాన్ వలీ జిలానీ రెండు చేతులూ పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, “ఏమోన్నా, కొన్నాళ్లు చూసి మళ్లా ఈడికే వచ్చేస్తానేమో,” అన్నాడు.

జిలానీ అతని వెంట రూముకి వెళ్లి, అతని కొలత టేపే అందుకుని అక్కడున్న వాషింగ్ మెషీన్ వెడల్పు కొలిచాడు.