వలకెక్కిన పదమూడు నట్లు

పొద్దున ఆరింటికే పెంచలకృష్ణ మోటారుసైకిల్‌ని ఇంటి ముందు ఇసకలో నిలబెట్టి, పక్కన మాన్యువల్ తెరిచి, గాలికి పేజీలు తిరక్కుండా దాని మీద ఒక రాయి పెట్టాడు. పని గంటన్నరలో అయిపోవాలి. పదకొండింటికి గూడూరులో అతని భార్య వనజాక్షికి డ్రైవింగు పరీక్ష. అది పాసైతే రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. గుంటగుంటకూ బండి మీద తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకురావాలి. ల్యాబువాళ్ళు ఇప్పటికి రెండుసార్లు గడువిచ్చారు. ఇవాళ దాటితే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు.

"బాగానే ఉంది గదయ్యా బండి. ఈ పూట ఎందుకు దాన్ని విప్పడం?" అంది వనజాక్షి.

"చైను వదులైంది. ఎనిమిది అంకె తిప్పేటప్పుడు కటకటమంటే ఆఫీసరు ఊరుకుంటాడా? ఇందులో అంతా బొమ్మలేసి చూపించినారు."

"బొమ్మల్లో విప్పడమేనా, బిగించడం కూడా ఉందా?"

అతను పానా అందుకున్నాడు. బిగించడం తరవాతి పేజీలో ఉంది. అతనింకా అక్కడిదాకా రాలేదు.

వెనక చక్రం ఊడింది. చైను ఊడింది. అడ్డమొస్తోందని సైలెన్సరు కూడా ఊడింది. మొత్తం పదమూడు నట్లు. వాటిని కిరసనాయిల్లో కడిగి, తుడిచి, ఏది ఎక్కడిదో తెలిసేటట్టు వరసగా పళ్ళెంలో పేర్చాడు. తీరా చూస్తే గ్రీజు లేదు. పడవ ఇంజన్లు బాగుచేసే సమాధానం అనే అతని దగ్గర కొంచెం అడిగి తెద్దామని వెళ్ళాడు. పోయి రావడానికి పది నిమిషాలు. సమాధానం మాటల మనిషి కాబట్టి ముప్పావుగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది.

పెంచలకృష్ణ ఇసకంతా వేళ్ళతో గాలించాడు. వసారాలో అతని తల్లి కామమ్మ కాళ్ళు చాపుకుని వక్కాకు వేసుకుంటోంది.

"అమ్మా, ఇక్కడ నట్లుండాల!"

"కట్టేసినా గదరా."

"దేనికి?"

"ఇంక దేనికి, వలకి. ఈసారి మంచివి తెచ్చినావబ్బయ్యా. ఒక్కదానికీ తుప్పు లేదు."

తప్పు ఆమెది కాదు. వల అంచుకు బరువు కట్టడానికి సీసం గుళ్ళు చాలనప్పుడల్లా, నాయుడుపేట మెకానిక్కు షెడ్లలో పారేసిన నట్లు ఏరి తెచ్చిచ్చింది అతనే. ఆరేళ్ళుగా ఆ ఇంటికి వచ్చిన ప్రతి నట్టూ వలదే.

"వలేదీ?"

"మీ నాయన తీసుకుని పడవెక్కినాడు. ఇంతసేపటికి ఏసుంటాడు."

ఎనిమిది దాటింది. లుంగీ ఎగ్గట్టి ఒడ్డుకు పరిగెత్తాడు. వలేసిన మనిషిని మధ్యలో పిలవడానికి ఆ ఊళ్ళో ఒకటే కారణం ఉంటుంది, ఇంట్లో చావు. చొక్కా లేకుండా, చేతులకు నలుపుతో, రొప్పుతూ "మా నాయన దగ్గిరికి పోవాల" అన్నవాణ్ణి చూసి, ఒడ్డునున్న పడవవాడు హెబ్రోను ఇంకేమీ అడగలేదు. గెడ అందుకుని పడవ తోశాడు. వెనకే ఇంకో రెండు పడవలు బయల్దేరాయి. వాటిలో ఒకడు అప్పుడే ఏడుస్తున్నాడు.

దూరం నుంచే మూడు పడవల్ని చూశాడు తండ్రి ముత్యాలయ్య. లేచి నిలబడ్డాడు. చేతిలోని వల తాడు వదిలేసి రెండు చేతులతో తల బాదుకున్నాడు.

"కామీ! నన్నొదిలి పోతివే!"

"అమ్మకేం కాలేదు నాయనా! బండి నట్లు! వలలో బండి నట్లున్నాయి!"

ముత్యాలయ్య తల మీంచి చేతులు దించాడు. తరవాత తిట్లు అందుకున్నాడు. ఆ మాటలకు హెబ్రోను రెండు చెవులూ మూసుకున్నాడు.

మునిగిన తాడును గెడలతో వెతికి పట్టేసరికి తొమ్మిదైంది. కామమ్మ ముళ్ళు విప్పితే వచ్చేవి కావు. పెంచలకృష్ణ కత్తి తీశాడు.

"వల మీద కత్తి పడిందంటే నిన్ను ఎరకింద కోస్తాను" అన్నాడు తండ్రి.

పళ్ళతో విప్పాడు. ఒక్కో ముడికీ రెండేసి నిమిషాలు. పన్నెండు వచ్చాయి. పదమూడోది వేళ్ళలోంచి జారి నీళ్ళలో బుడుంగుమంది. అందరూ ఆ చోటు వైపే చూస్తూ నిలబడ్డారు.

ఇల్లు చేరేసరికి పది కావస్తోంది. వనజాక్షి లేదు.

"పక్కింటి హజరత్తయ్య మామ బండి అడిగి, ఆయన్నే ఎనకెక్కించుకుని పోయింది. పిల్ల మొహం మాత్రం మంచిగా లేదు" అంది కామమ్మ.

తేదీ మార్చమని బతిమాలడానికి వెళ్ళిందనుకున్నాడు. తన బండి లేనిదే పరీక్షకు ఎట్లా నిలబడుతుంది? గబగబా పేజీ తిప్పాడు. బిగించడం గురించి అక్కడ ఒకటే వాక్యం ఉంది: విప్పిన వరసకు వ్యతిరేక వరసలో అమర్చవలెను. అతను లుంగీ మడత విప్పి నట్లను చూశాడు. వరస నీళ్ళలోనే పోయింది.

పట్టినచోట పట్టిన నట్టు బిగించాడు. సైలెన్సరుకు ఒకటి తగ్గితే నైలాను వలదారం ఆరు చుట్లు చుట్టాడు. గూడూరు దాకా దాన్ని తలుచుకుంటూ, ఊపిరి బిగబట్టి నడిపాడు. పదకొండున్నరకు మైదానంలోకి దూసుకుపోయి, సరిగ్గా ఆఫీసరు ముందు బ్రేకు వేశాడు. అంతదాకా ఓర్చుకున్న దారం కాలి తెగింది. సైలెన్సరు ఠంగుమని ఆఫీసరు బూట్ల దగ్గర పడింది.

"ఎవరయ్యా నువ్వు?" బండి మోతకు ఆయన అరవాల్సొచ్చింది.

"వనజాక్షి మొగుణ్ణి సార్! పరీక్షకి బండి తెచ్చినా. ఆలస్యం నాదే, ఆమెది కాదు!"

"ఆమె పాసై పావుగంటైంది. ఆ పెద్దాయన బండి మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది తిప్పింది."

వనజాక్షి కాగితంతో నిలబడి ఉంది. పెంచలకృష్ణ నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు.

"మరి నీ లైసెన్సు చూపించు."

వనజాక్షి ఆకాశంలోకి చూసింది.

"పదహారేళ్ళ నుంచి నడపతా ఉండాను సార్."

"ఎన్నేళ్ళని నేనడగలేదు." ఆయన చేయి చాచి తాళంచెవి లాగి వనజాక్షికి ఇచ్చాడు. "ఆ సైలెన్సరు సరిగ్గా బిగించుకున్నాక నువ్వు నడుపు తల్లీ. ఇతన్ని ముందు కూచోనివ్వకు."

సైలెన్సరు బిగించాక, తన సొంత బండి మీద వెనక కూచున్నవాళ్ళు కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారో పెంచలకృష్ణ మొదటిసారి వెతుక్కున్నాడు.