ఆఫ్‌లైన్ సినిమాలూ, నా బొటనవేలూ

సినిమాని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, సిగ్నల్ లేని చోట తాపీగా చూసుకునే సదుపాయం కనిపెట్టింది ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం వెతుక్కుంటూ వెళ్లి రెండు చేతులా దండం పెడతాను. అందులోనూ ఆ సినిమాలని కారవాన్‌లో చూసే కుటుంబాలన్నిటి తరఫునా!

వెటకారం అనుకుంటున్నారా? ఒట్టు, కాదు! ప్రయాణాల్లో సినిమాలు చూసేవాళ్లని ఆడిపోసుకోవడం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయిపోయింది. బయటికి చూడరట, పక్కవాళ్లతో మాట్లాడరట! ఇలా పెదవి విరిచే పెద్దలు ఎప్పుడైనా పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని బండి నడిపారా? నేను నడిపాను. రోజూ నడుపుతున్నాను. నేను స్కూలు బస్సు డ్రైవర్ని.

ఒకడు వాంతి వస్తోందంటాడు. ఒకతి వాటర్ బాటిల్ మూత కనపడట్లేదంటుంది. ఇద్దరు కిటికీ పక్క సీటు కోసం జుట్లు పట్టుకుంటారు. చివరి స్టాపు దాటాక బస్సు ఆపి, వెనక సీటు దాకా నడిచి, సీట్ల కిందకి వంగి చూసి, ఎవరూ నిద్రపోయి మిగిలిపోలేదని రూఢి చేసుకున్నాకే తాళం వేస్తాను. ఇంటికొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి నోరెత్తని ప్రయాణికుల విలువ గురించి మాట్లాడే అర్హత నాకు బాగానే ఉంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కారవాన్ అద్దెకు తీసుకుందామన్నది నేనే. కారవాన్ అంటే తెలుసుగా? బస్సంత బండి. లోపలే పడకలు, పొయ్యి, సింకు, మడత బల్ల. మా ఇంట్లో నలుగురికీ నాలుగు మూలలున్నాయి. మా వారు హాల్లో, మా పెద్దది తన గదిలో, చిన్నాడు మేడ మెట్ల మీద, మా అత్తగారు మంచం మీద. ఎవరి తెర వాళ్లది. అన్నానికి పిలవాలన్నా ఫోన్‌లో మెసేజ్ పెట్టాల్సిందే. అదే కారవాన్‌లో అయితే ఉన్నది ఒకటే గది. ఇక ఎక్కడికి పోతారు? ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటూ నాలుగు మాటలు మాట్లాడుకుంటామని ఆశపడ్డాను. ఎంత అమాయకురాలినండీ!

"దారంతా సిగ్నల్ ఉండదు" అని మా వారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రకటించారు. దారంతా మంచినీళ్లు దొరకవన్నా మావాళ్లు అంత బెంబేలెత్తిపోయేవాళ్లు కాదు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో యుద్ధ ప్రాతిపదికన డౌన్‌లోడ్లు! బట్టలు నేను సర్దాను, మందులు నేను సర్దాను, వంట సామాను నేను సర్దాను. సినిమాలు మాత్రం వాళ్లు స్వయంగా సర్దుకున్నారు. పిల్లలకి బాధ్యత తెలియడం లేదని ఎవరన్నారు?

ఇక బండి కదిలిన దగ్గర్నుంచి నేను పొందిన సుఖం వింటే మీరు కుళ్లుకుంటారు.

"ఇంకా ఎంత దూరం?" అని ఒక్కరు అడిగితే ఒట్టు. ఎక్కడికి పోతున్నామో గుర్తుంటేగా! కిటికీ సీటు కోసం కొట్లాట లేదు. పైగా ఎండ తెర మీద పడుతోందని కిటికీలన్నిటికీ కర్టెన్లు లాగేశారు. కిటికీల్లేని బండిని ఏ కంపెనీ అయినా తయారుచేస్తే మావాళ్లు మొదటి రోజే కొంటారు. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. ఎవరూ వంక పెట్టలేదు. రెండో పూట కావాలనే మానేశాను. అప్పుడూ పెట్టలేదు. పెళ్లయినప్పటి నుంచీ మా అత్తగారి నోట వంక రాని పూటలు ఆ రెండేనని ఘంటాపథంగా చెప్పగలను.

ఒక మలుపు తిరగ్గానే పెద్ద చెరువు కనపడింది. నీళ్ల మీద తెల్లటి పక్షులు, లెక్కలేనన్ని. నేను బండి నెమ్మది చేసి, "అటు చూడండర్రా!" అని గట్టిగా అరిచాను.

"క్లైమాక్స్ అమ్మా!" అంది పెద్దది.

"పాజ్ చేస్తే మూడ్ పోతుందోయ్" అన్నారు మా వారు.

"వాడితో వెళ్లకే, వాడు మంచివాడు కాదు!" అని అరిచారు అత్తగారు. అది నాతో కాదు, సినిమాలో హీరోయిన్‌తో. చెవులకి హెడ్‌ఫోన్లున్న మనిషికి తన గొంతు తనకి వినపడదు. చిన్నాడు మాత్రం నవ్వాడు. నా వైపు చూసి నవ్వాడనుకుని పొంగిపోయాను. వాడి సినిమాలో ఎవరో అరటి తొక్క మీద జారిపడ్డారట.

చూశారా ఎంత సౌకర్యమో? మొత్తం చెరువు నా ఒక్కదానికే మిగిలింది. పక్షులతో సహా!

ఇంతలో మా వారు ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. ఫోన్లని ఫ్లైట్ మోడ్‌లో పెడితే చార్జింగ్ రెట్టింపు వస్తుందట, మధ్యలో కాల్స్ బెడద కూడా ఉండదట. అందరూ పెట్టేశారు. నా ఫోన్ మాత్రం సింకు పక్క షెల్ఫ్‌లో చార్జింగ్‌లో ఉంది. బండి నడిపేటప్పుడు దాన్ని సైలెంట్‌లో ఉంచి దూరంగా పెట్టడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు.

మూడో రోజు మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. "ఏమండీ, రోడ్డు తిన్నగానే ఉంది, కాసేపు మీరు నడుపుతారా?" అన్నాను. పాపం, వెంటనే లేచారు. మా వారి గురించి మీకు చెప్పాలి. ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. ఎక్కడ కారు గుద్దుకున్నా వెళ్లి, ఏ డోరుకి ఎంత సొట్ట పడిందో, ఏ గీత పాతదో ఏది కొత్తదో కళ్లజోడు సర్దుకుని మరీ చూసి రిపోర్ట్ రాస్తారు. మహా జాగ్రత్తపరులు. స్టీరింగ్ ముందు సినిమా చూడరు గాక చూడరు. ఒక చెవిలో పెట్టుకుని వింటారంతే.

నేను పై బెర్త్ ఎక్కి, కర్టెన్ లాక్కుని పడుకున్నాను. బండి ఆగిన కుదుపుకి మెలకువ వచ్చింది. పెట్రోలు బంకు. మా వారు డీజిల్ కొట్టిస్తున్నారు. మిగిలిన ముగ్గురూ తెరలకి అతుక్కుపోయి ఉన్నారు. వాళ్ల మోకాళ్లు దాటుకుంటూ వెనక తలుపులోంచి దిగి బాత్రూమ్‌కి వెళ్లాను. పెద్దది నాకు దారిచ్చి కాళ్లు కూడా ముడుచుకుంది, తల ఎత్తకుండానే.

చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి మా కారవాన్ బంకులోంచి రోడ్డెక్కుతోంది. ఇండికేటర్ వేసి మరీ ఎక్కారు. చెప్పానుగా, జాగ్రత్తపరులని!

"ఏమండీ! ఆగండి!" అంటూ చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తాను. ఎవరు వింటారు? బస్సు వెనక పరిగెత్తుకొచ్చే పిల్లల్ని అద్దంలో చూసి రోజూ ఆపేదాన్ని. ఆ అద్దంలో నేను కనపడటం అదే మొదటిసారి. అందులోకి చూసే డ్రైవరుంటే కదా!

డబ్బులు తీసుకునే అమ్మాయి గాజు గదిలోంచి పరుగున వచ్చింది.

"ఆ బండి మీదేనా అండీ?"

"మాదే."

"మరి మీరు?"

"నేను కూడా వాళ్లదాన్నేనమ్మా" అన్నాను.

తన ఫోన్ నా చేతిలో పెట్టింది. మా వారికి చేశాను. స్విచ్ ఆఫ్. పెద్దదానికి, స్విచ్ ఆఫ్. చిన్నాడి ట్యాబ్‌కి సిమ్మే లేదు. అత్తగారిదీ అంతే. నా ఫోన్ మాత్రం హాయిగా రింగయింది. ఎత్తాల్సింది నేనే కదా! మళ్లీ మళ్లీ చేశాను.

టైర్లకి గాలి పట్టే పెద్దాయన ఒక కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. "వచ్చేస్తారులేమ్మా, ఎంతసేపు?" అన్నాడు.

"సినిమా అయ్యేదాకా" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత, దాచడమెందుకు, ఏడుపొచ్చింది. బంకులోంచి వెళ్లే ప్రతి కారులోకీ తొంగి చూసి, ఎక్కాల్సిన వాళ్లంతా ఎక్కారో లేదో చూస్తూ కూర్చున్నాను. ఒక కారులో వెనక సీట్లో ఒకామె నిద్రపోతోంది. ఆమె నిజంగా ఉందో లేదో అని మొగుడు డోరు తీసి చూసుకుని మరీ బయల్దేరాడు. ఆ మొగుడి మీద నాకు ఎంత అసూయ... కాదు, ఆ పెళ్లాం మీద! ఎవరికైనా దాహం వేసి "అమ్మా, నీళ్లు" అనరా? ఆకలేయదా? మా అత్తగారికి మాత్ర వేసుకునే వేళ కాలేదా? నీడ కుర్చీ మీద నుంచి తప్పుకుంది. కుర్చీ జరుపుకున్నాను. మళ్లీ తప్పుకుంది. నేను లేకపోవడం అన్నది మా ఇంట్లో ఇంత తేలికైన పనా అనిపించింది.

చివరికి ఆ అమ్మాయి ఫోన్ మోగింది. మా వారి నంబర్! ఫ్లైట్ మోడ్ తీసేసినట్టున్నారు. "అక్కడే ఉండు, కదలకు, వచ్చేస్తున్నాం." నేనెక్కడికి కదులుతాను మహానుభావా!

కారవాన్ వచ్చి ఆగీ ఆగకముందే పెద్దది దూకింది. నన్ను కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా వారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "గుండె ఆగిపోయిందనుకో!" అన్నారు. "నువ్వు లేకపోతే మా గతేంటే తల్లీ!" అని అత్తగారు నా చెయ్యి వదల్లేదు. నేను కరిగిపోయాను. ఇంత ప్రేమ పెట్టుకున్నవాళ్లని అనవసరంగా తిట్టుకున్నానే అని చెంపలేసుకున్నాను.

అప్పుడు చిన్నాడు కళ్లు తుడుచుకుంటూ నా ఫోన్ ముందుకి చాపాడు. "అమ్మా, వేలు" అన్నాడు.

బొటనవేలు పెట్టాను. తల్లిని కదా!

ఆ తర్వాత జరిగిందంతా వాడే పూసగుచ్చినట్టు చెప్పాడు. అబద్ధం ఆడే వయసు కాదింకా. డౌన్‌లోడ్ చేసిన సినిమాలకి గడువుంటుందట. ఉన్నట్టుండి ముగ్గురి తెరల మీదా సినిమా ఆగిపోయి, ఇంటర్నెట్‌కి కలిపి మళ్లీ లాగిన్ అవమని వచ్చిందట. మా వారు సిగ్నల్ ఉన్న చోట బండి ఆపారు. అకౌంట్ నా పేరున ఉంది కాబట్టి కోడ్ నా ఫోన్‌కి వచ్చింది. ఫోనేమో నా బొటనవేలు పెడితే గానీ తెరుచుకోదు.

"తెలియని నంబర్ నుంచి బోలెడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి నాన్నా" అన్నాడట చిన్నాడు.

"ఏ క్రెడిట్ కార్డు వాళ్లో అయ్యుంటారు, వదిలెయ్. అమ్మ అలిసిపోయి పడుకుంది, లేపకు. మెల్లగా వేలు మాత్రం పెట్టించుకుని రా" అన్నారట మా వారు.

ఎంత దయ! నా నిద్ర చెడకూడదని! వాడు పై బెర్త్ కర్టెన్ తీసి, దుప్పటి కింద నా చెయ్యి కోసం తడిమితే దిండు దొరికింది. ఇంకొంచెం తడిమితే ఇంకో దిండు దొరికింది. అప్పుడు కేక పెట్టాడట. ఆ తెలియని నంబర్‌కి మా వారు తన ఫోన్ నుంచి చేసింది అప్పుడే. ఇదండీ నా తప్పిపోయిన కథ!

ఇప్పుడు చెప్పండి, ఆఫ్‌లైన్ సినిమా వరమా, కాదా? అదే ఇంటర్నెట్ దండిగా ఉండి, సినిమా ఆగకుండా నడిచిపోతే? ఈపాటికి నేను ఆ బంకులో ఉద్యోగంలో చేరి ఉండేదాన్ని.

ఇంటికొచ్చాక మా వారు జరిగినదాని మీద లోతుగా ఆలోచించారు. సర్వేయరు కదా, నష్టం జరిగితే కారణం తేల్చకుండా వదలరు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. బండి కదిలే ముందు అందరూ ఎక్కారో లేదో చూసుకోవాలంటారు కాబోలనుకుని, నా కళ్లు చెమర్చబోతుండగా, నా ఫోన్ తీసుకున్నారు. తన వేలిముద్ర అందులో ఎక్కించారు. పెద్దదానిది ఎక్కించారు. చిన్నాడిది, అత్తగారిది కూడా ఎక్కించారు.

"ఇక నువ్వు ఎక్కడున్నా మాకు ఇబ్బంది లేదు" అన్నారు, ఎంతో సంతోషంగా.

వచ్చే నెల మళ్లీ కారవాన్‌లో బయల్దేరుతున్నాం. డౌన్‌లోడ్లు అప్పుడే మొదలయ్యాయి. ఇవాళ పొద్దున పళ్లు తోముకుంటూ, ఎవరూ చూడకుండా, నా ఫోన్‌లోంచి వాళ్ల వేలిముద్రలన్నీ తీసేశాను. నాది ఒక్కటే ఉంచాను. తప్పంటారా? అనుకోండి. ఈసారి కూడా నన్ను ఎక్కడైనా దింపేసి వెళ్లిపోతే, కనీసం సినిమా ఆగినప్పుడైనా వస్తారు.