ఎవరూ చూడని రిసీవర్

శనివారం పొద్దున్న అమర్‌నాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కొత్తవాణ్ణెవర్నైనా టీమ్‌లోకి తీసుకోవాలా వద్దా తేల్చడం, ఆ తరవాత పెరట్లో గడ్డి కోయడం. సాయంత్రానికి గడ్డి ఎక్కడిదక్కడే ఉంది. మిగతాదేదీ ఎక్కడిదక్కడ లేదు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ళు ఆడేది టీవీలో చూపించే ఫుట్‌బాల్ కాదు. నడుముకు గుడ్డ పీలికలు కట్టుకుని ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్. బంతి పట్టుకున్నవాడి పీలిక లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. ఎముకలు విరగవు, మర్నాడు ఆఫీసు పోదు. అమర్‌నాథ్ 'హిల్స్ హీరోస్'కి కెప్టెన్, బంతి విసిరేవాడూ అతనే. వరసగా మూడేళ్ళు పక్క ఊరు కాంటన్ టీమ్ చేతిలో ఓడాడు. ఓటమి కన్నా పెద్ద బాధ, కాంటన్ కెప్టెన్ రవికుమార్ అతనికి స్వయానా తోడల్లుడు కావడం. ఓడినప్పుడల్లా రవికుమార్ ఇంటికొచ్చి, ఫర్వాలేదు తమ్ముడూ అని భుజం తట్టి, భోంచేసి మరీ వెళ్ళేవాడు.

ఆదివారం మళ్ళీ కాంటన్‌తోనే ఆట. ఈసారి ఓడితే కెప్టెన్ని మార్చేస్తామని టీమ్ తీర్మానించింది. ఆఫీసులో మేనేజరు మాట, ఇంట్లో శ్రీవిద్య మాట, కార్లో జీపీఎస్ మాట వినే అమర్‌నాథ్‌కి, తన మాట వినే మనుషులు ఉన్నది భూమ్మీద ఆ మైదానంలోనే. అది పోతే ఇక మిగిలేది గడ్డి కోసే మిషను.

తప్పంతా రిసీవర్లదేనని అతని నిశ్చితాభిప్రాయం. విసిరిన బంతిని పరుగెత్తుకుంటూ పోయి అందుకోవడం రిసీవర్ పని. హీరోస్‌లో ఆ పని చేసినవాళ్ళు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. ఒకడికి మోకాలి నొప్పి, ఒకడికి కొత్త బిడ్డ, ఒకడు ఏ కారణమూ చెప్పకుండా క్రికెట్‌లో చేరిపోయాడు.

"అన్నా, వేదాంత్ అని ఒక ఫ్రీ ఏజెంట్ దొరికాడు. ఏ టీమ్‌లోనూ లేడు" అంటూ కాఫీ వేళకి వచ్చాడు రుత్విక్, టీమ్‌లో కుర్రవాడు. "మొన్న ఇండియన్ స్టోర్‌లో పై అరలోంచి ఆవకాయ సీసా జారింది. ఒంటిచేత్తో పట్టేశాడు. నూనె కూడా తొణకలేదు!"

"ఫుట్‌బాల్ ఆడాడా ఎప్పుడైనా?"

"అడగలేదన్నా. జెర్సీ సిటీలోనే పుట్టాడు. ఇక్కడ పుట్టినవాడికి ఫుట్‌బాల్ రాకుండా ఎలా ఉంటుంది?"

"ఈయన బందర్లో పుట్టారు, ఈత వచ్చా మరి?" అంది శ్రీవిద్య దోసె తిరగేస్తూ.

పేర్లు ఇవ్వడానికి సాయంత్రం ఆరు వరకే గడువు. వేదాంత్ ఏమో సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంటాడు. మైదానానికి పిలిచి చూసే వీలు లేదు. అప్పుడు సోఫాలోంచి మామగారు భాస్కరరావు గొంతు సవరించుకున్నారు. ఆయన ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. రెండు నెలలు అయ్యాయి. తెలియదు అన్న మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు.

"విచారించకుండా కుర్రాణ్ణి ఎవరైనా తీసుకుంటారా అల్లుడు గారూ? మిమ్మల్ని అల్లుణ్ణి చేసుకునే ముందు నేను నాలుగూళ్ళలో విచారించాను."

"ఏం చెప్పారు మామయ్య గారూ?"

"అన్నిచోట్లా మంచే చెప్పారు. ఇప్పుడు అనుకుని ఏం లాభం లెండి."

అమర్‌నాథ్ ఆ పోటు మింగి, సలహా మాత్రం తీసుకున్నాడు. జెర్సీ సిటీలో శ్రీవిద్యకు పిన్ని ఉంది, రేణు. ఆవిడకి ఫోన్ చేశాడు. "పిన్ని గారూ, మీ ఊరి కుర్రాడు వేదాంత్ తెలుసా? బాగా పరుగెత్తుతాడా?"

రేణు పిన్ని ఆ పేరు వినడం అదే మొదలు. కానీ ముప్పయ్యేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో ఒక తెలుగు కుర్రాడు తనకు తెలియదని ఎలా చెప్పుకుంటుంది? "మనవాడేగా! ఉండు, వివరంగా కనుక్కుని చెప్తాను" అని పెట్టేసి, నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్ళో ఉన్న స్నేహితురాలు చంద్రికకు చేసింది. చంద్రికకూ తెలియదు. ఆమె కాసేపు ఆలోచించింది. కుర్రాడు ఇప్పుడున్నది మిషిగన్‌లో. మిషిగన్‌లో మనకు తెలిసిన పెద్దమనిషి ఎవరు? ఇంకెవరు, భాస్కరరావు బాబాయి గారు!

అమర్‌నాథ్ గరాజ్‌లో బంతికి గాలి కొడుతున్న సమయంలో పెరట్లో మామగారి ఫోన్ మోగింది.

"బాబాయి గారూ, వేదాంత్ అనే అబ్బాయి పరుగు ఎలా ఉంటుందండీ?"

అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపడం భాస్కరరావు గారి వంశంలో లేదు. "పరుగా? అమ్మాయీ, జెర్సీ సిటీలో ఒక ముసలావిడ ప్లాట్‌ఫారం మీద చేతిసంచి మరిచిపోయి రైలెక్కేసింది. రైలు కదిలింది. వీడు సంచి అందుకుని పరుగు తీశాడు. అవతలి స్టేషన్‌లో రైలు తలుపు తెరుచుకునేసరికి సంచి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు!"

"ఆ రైలు నది కిందనుంచి పోతుంది కదండీ?"

"మరి! అదే కదా నేను చెప్పేది. నదిని కూడా లెక్కచేయలేదు."

ఈ మాట క్యారీ వెళ్ళి, అక్కడ కాస్త ఒళ్ళు చేసి, జెర్సీ సిటీ చేరింది. రేణు పిన్ని దానికి ఇంకో నగ పెట్టింది: ఆ ముసలావిడ తమ వీధిలోనే ఉంటుంది. పిన్నికి ఇద్దరల్లుళ్ళూ సమానమే కనుక అమర్‌నాథ్‌కీ చెప్పింది, రవికుమార్‌కీ చెప్పింది.

"చూశారా!" అంటూ అమర్‌నాథ్ పరుగున పెరట్లోకి వచ్చాడు. "క్యారీ నుంచీ అదే మాట, జెర్సీ సిటీ నుంచీ అదే మాట. రైలుతో పందెం వేసి గెలిచాడట మామయ్య గారూ!"

భాస్కరరావు కళ్ళు పెద్దవి చేశారు. తాను పంపిన మాటే అయినా రెండు రాష్ట్రాలు తిరిగి వచ్చేసరికి ఆయనకే నమ్మకం కుదిరింది. "అంతటివాడా! ఆలస్యం చేయకండి అల్లుడు గారూ, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారు."

అయిదున్నరకి వేదాంత్ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కుతుంటే, పైన తలుపు దగ్గర స్వీట్ల డబ్బాతో రవికుమార్ అప్పటికే నిలబడి ఉన్నాడు.

"నువ్వేంటి తమ్ముడూ ఇటు?"

"ఊరికే అన్నయ్యా, ఈ గాలి బాగుంటుందని."

తలుపు తీసిన వేదాంత్ నిజంగానే పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. విషయం వినగానే రెండు చేతులూ ఊపేశాడు. "నో నో అంకుల్. నేను ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలే. లైక్, నాకు క్యాచ్ రాదు."

"చూశావా ఎంత వినయమో!" అన్నాడు రవికుమార్ మెచ్చుకోలుగా.

"రైలు సంగతి కూడా చెప్పుకోడు చూడండి" అన్నాడు రుత్విక్. సాక్షిగా ఉంటాడని అమర్‌నాథ్ అతన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"వాట్ రైలు?"

ఇక వేలం మొదలైంది. ప్రాక్టీస్‌కి తన కార్లో తీసుకెళ్తానన్నాడు రవికుమార్. కారే ఇచ్చేస్తానన్నాడు అమర్‌నాథ్. ప్రాక్టీస్‌కి రానే అక్కర్లేదన్నాడు రవికుమార్. శనాదివారాలు తమ ఇంట్లోనే భోజనమన్నాడు అమర్‌నాథ్, శ్రీవిద్యని అడగకుండా. ఇచ్చిన ప్రతి వరానికీ వేదాంత్ "బట్ అంకుల్, నాకు రాదు" అంటున్నాడు. అన్నకొద్దీ అతని విలువ పెరుగుతోంది.

"నా టీమే కొత్తగా కడుతున్నదైతేనా తమ్ముడూ" అన్నాడు రవికుమార్, స్వీట్ల డబ్బా కుర్రాడి చేతిలో పెడుతూ, "ఇలాంటివాడికి కెప్టెన్సీయే ఇచ్చేద్దును. దానికి గుండె ఉండాలనుకో."

అమర్‌నాథ్‌కి చెవులు ఎర్రబడ్డాయి. "నాకుంది గుండె! ఇదిగో, కెప్టెన్సీ ఇస్తున్నా!"

వేదాంత్ మొదటిసారి ఆసక్తిగా అడిగాడు. "కెప్టెన్ అంటే, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పాలి, అంతేనా? క్యాచ్ అక్కర్లేదా?"

"అక్కర్లేదు" అన్నాడు అమర్‌నాథ్, వెనక్కి తీసుకునే దారి వెతుక్కుంటూ.

"దెన్ ఓకే అంకుల్. ఫ్యాక్టరీలో నా పని అదే."

రుత్విక్ అప్పటికే ఫోన్‌లో పేరు ఎక్కించేశాడు, కెప్టెన్ అన్న గడిలో. ఆరు గంటలయింది. గడువు ముగిసింది. రవికుమార్ మెట్లు దిగుతూ తోడల్లుడి భుజం మళ్ళీ తట్టాడు. ఓడిపోతే పోతుందని హడలిపోయిన కెప్టెన్సీని అమర్‌నాథ్ ఆటకి ముందు రోజే స్వహస్తాలతో ఇచ్చేశాడు.

ఆదివారం మైదానం చుట్టూ కుర్చీలు నిండిపోయాయి. రైలుని ఓడించినవాణ్ణి చూడటానికి గంట దూరంలోని టాయ్‌లెడో నుంచి కూడా ఎవరో వచ్చారు. మొదటి బంతి అమర్‌నాథ్ విసిరాడు. అది వేదాంత్ వైపు వస్తుంటే, గుడి వరసలో పెద్దవాళ్ళకి దారి ఇచ్చినట్టు అతను మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. కాంటన్ వాళ్ళు పకపకా నవ్వారు. రెండో బంతి ఎటో పోయి, కుర్చీలో కూర్చున్న భాస్కరరావు గారి ఫ్లాస్క్‌ని పడగొట్టింది.

వేదాంత్ చేతులెత్తి ఆట ఆపించాడు.

"అంకుల్, ఒక డౌట్. ఇంతకుముందు రిసీవర్స్ ఎందుకు వెళ్ళిపోయారు?"

"వాళ్ళకి పట్టుకోవడం రాదు."

"పట్టుకోడానికి బాల్ వాళ్ళ దగ్గరికి రావాలి కదా? రావట్లే." చుట్టూ ఉన్న హీరోస్ తలలు దించి షూ లేసులు చూసుకున్నారు. ఈ ముక్క వాళ్ళందరికీ మూడేళ్ళుగా తెలుసు. కెప్టెన్‌తో ఎవరు చెప్తారు? "రుత్విక్ విసురుతాడు. నేను బెంచ్ మీద కూర్చుంటా, నాకు రాదు. మీరు కూడా నాతో కూర్చోండి అంకుల్."

ఇద్దరూ కూర్చున్నారు. రుత్విక్ విసిరిన బంతులు మనుషుల చేతుల్లోకే వెళ్ళడం చూసి హీరోస్ ఆటగాళ్ళే మొదట ఉలిక్కిపడ్డారు, తరవాత అలవాటు పడ్డారు. రవికుమార్ టీమ్ చిత్తుగా ఓడింది. భుజం తట్టడానికి అమర్‌నాథ్ బయల్దేరాడు గానీ, ఈలోగా ఆ పని కొత్త కెప్టెన్ చేసేశాడు.

"నేను ముందే చెప్పలా, రత్నమని!" అని భాస్కరరావు చుట్టుపక్కల కుర్చీలన్నిటికీ వినబడేలా అన్నారు.

అమర్‌నాథ్ బెంచ్ దగ్గరే తచ్చాడాడు. "వేదాంత్, వచ్చే ఆదివారం మరి... నేనెక్కడ నిలబడాలి?"

కుర్రాడు మొహమాటపడ్డాడు. "టీమ్‌ని అడగాలి అంకుల్. మీరు మంచి త్రో వేయడం, లైక్, ఇప్పటిదాకా ఎవరూ చూడలేదంట."

అనుభవం లేనివాణ్ణి టీమ్‌లోకి తీసుకోవాలా వద్దా అన్న చర్చ అంతటితో ముగిసింది. అనుభవం ఉన్నవాణ్ణి ఉంచాలా వద్దా అన్నది మాత్రం హీరోస్ వాట్సాప్ గ్రూప్‌లో ఇంకా నడుస్తోంది.