లైన్లో మూడో మనిషి

ఆ రోజు ఉదయం సర్దుబాటు గారు పెట్టుకున్న పనులు మూడే. పదింటిలోగా ఆఫీసులో కొత్త ఫోను పెట్టె బిగించుకోవాలి. పదకొండులోగా టీచరమ్మగారి మేడమీద వాటాని మందుల షాపాయనకి అద్దెకి ఖాయం చేయాలి. ఒంటిగంటకి ఇంటికెళ్ళి భోంచేసి కాసేపు నడుం వాల్చాలి.

ఆయన ఇళ్ళ బ్రోకరు. అసలు పేరు ఆఫీసు బోర్డు మీద రాసే ఉంది కానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. ఇంటివాళ్ళు ఒకటి అడిగినా, అద్దెకొచ్చేవాళ్ళు మరొకటి అడిగినా, "సర్దుబాటు చేద్దాం లెండి" అనేవారు. ఆ మాటే పేరై కూర్చుంది. ఆఫీసంటే రెండో అంతస్తులో ఒక్క గది. అందులో ఒక కాలు పొట్టిదైన బల్ల, మూడు కుర్చీలు, గోడకి వరసగా తాళంచెవులు, బల్లమీద ఇరవయ్యేళ్ళ నాటి నల్ల ఫోను.

నెలాఖరుకి పాత తీగల లైన్లన్నీ తీసేస్తామని, ఇకమీదట ఫోన్లు కూడా ఇంటర్నెట్ మీదే నడుస్తాయని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చిన్న చిన్న ఆఫీసులకి ఈ మార్పు చేసిపెట్టడం సర్దుబాటు గారి మరదలి వృత్తి. పనిముట్ల సంచీతో ఆవిడ తొమ్మిదిన్నరకే వచ్చింది.

"బావగారూ, ఈ ఫోన్ని ఇంకా ఎన్నాళ్ళు పట్టుకు వేలాడతారు? కొత్తది పెడతాను."

"వద్దమ్మా. దీనికి నా చెయ్యి అలవాటైపోయింది. కళ్ళు మూసుకుని నంబర్లు నొక్కగలను."

"సరే, మీ ఇష్టం." ఆవిడ ఫోను తీగని గోడలోంచి పీకి, అరచేతిలో పట్టే ఒక నల్ల పెట్టెకి తగిలించింది. పెట్టెని ఇంటర్నెట్‌కి కలిపింది. మూడు పచ్చ దీపాలు వెలిగాయి. "అయిపోయింది. నంబరు పాతదే, ఫోనూ పాతదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మాట్లాడ్డం అయ్యాక రిసీవరు పూర్తిగా పెట్టెయ్యండి. అది పెట్టే చోట ఉన్న ఆ మీట టక్కుమని నొక్కి వదలకండి. అలా నొక్కితే ఈ పెట్టె ఏమనుకుంటుందంటే..."

"ఆహా, అలాగే. కాగితం ఏదైనా ఉంటే ఇచ్చెయ్యి, చదువుకుంటాలే."

ఆవిడకి పదిన్నరకి పళ్ళ డాక్టరు దగ్గర ఇంకో పెట్టె బిగించే పని ఉంది. కాగితం ఇచ్చేసి వెళ్ళిపోయింది. సర్దుబాటు గారు దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల పొట్టి కాలి కింద దోపారు. చాన్నాళ్ళకి బల్ల కుదురుగా నిలబడింది.

ఇక్కడ ఆయన చేతి అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరైనా ఇరకాటంలో పెట్టే ప్రశ్న వేస్తే ఆయన వెంటనే "హలో... హలో... వినపడట్లేదండీ..." అని, రిసీవరు పెట్టే చోట ఉండే మీటని వేలితో టక్కున నొక్కేవారు. పాత లైను మీద మాట తెగిపోయేది. అవతలివాళ్ళు కంపెనీని తిట్టుకునేవారు. ఈయన రిసీవరు కింద పెట్టకుండానే ఇంకొకరికి ఫోను చేసేవారు. గొంతు కాస్త సన్నగా వినిపిస్తే మీటని ఇంకోసారి టక్కుమనిపించేవారు. మొరాయించే రేడియోని ఒకటి మొత్తినట్టు, అంతే.

కొత్త పెట్టెకి ఈ లౌక్యం తెలియదు. ఒకసారి టక్కుమంటే, "ఈయన్ని లైన్లో ఆపి ఉంచు, ఇంకొకరితో మాట్లాడతాను" అని దాని లెక్క. రెండోసారి టక్కుమంటే, "ఇప్పుడు ముగ్గుర్నీ కలుపు" అని. అసలాయన రిసీవరు పెట్టేసినా మిగిలిన ఇద్దర్నీ అది విడదీయదు. మర్యాద తెలిసిన పెట్టె.

పది దాటగానే టీచరమ్మగారు ఫోను చేశారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బడి నడిపి రిటైరైన మనిషి.

"ఆ మందుల షాపాయన సంగతేమైందండీ? నెమ్మదైనవాళ్ళేనా?"

"నెమ్మదంటే నెమ్మదా మేడమ్! ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది."

"వాళ్ళబ్బాయి ఏదో వాయిస్తాడని ఎవరో అన్నారు. ఏం వాయిస్తాడు?"

"హలో... హలో... మేడమ్, లైను..." టక్.

వెంటనే మందుల షాపు నంబరు నొక్కారు. షాపాయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. మళ్ళీ టక్. ఈసారి స్పష్టంగా వినిపించింది. కొత్త పెట్టె బాగానే పనిచేస్తోందని సర్దుబాటు గారు సంతోషించారు.

"ఇల్లు నచ్చిందండీ, కానీ నీళ్ళెలా?" అన్నాడు షాపాయన.

"నీళ్ళకేం లోటు? రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి."

"మరి మావాడు సాయంత్రాలు డ్రమ్స్ ప్రాక్టీసు చేస్తాడు. ఓనరమ్మగారు ఏమీ అనరు కదా?"

"అసలు అనడానికి ఆవిడకి వినపడితే కదా! మీకు మాత్రమే చెప్తున్నాను, ఆవిడకి చెవుడు. పక్కన టపాకాయ పేలినా 'ఎవరో తలుపు తట్టినట్టుంది' అంటుంది. మీవాణ్ణి నిశ్చింతగా వాయించుకోమనండి."

సర్దుబాటు గారు రిసీవరు పెట్టేసి, విజయగర్వంతో కింద కొట్టుకి టీ తాగడానికి వెళ్ళారు.

లైను మాత్రం తెగలేదు. అందులోంచి బడి గంట మోగినంత స్పష్టంగా ఒక గొంతు వినిపించింది.

"బాబూ, నేను ఇంటి ఓనర్ని. నాకు చెవులు బాగానే వినిపిస్తాయి."

షాపాయన చేతిలోంచి దగ్గుమందు సీసా జారిపోయింది.

"అమ్మా! మీరు ఎప్పట్నుంచీ..."

"మొదట్నుంచీ. పిల్లలు అబద్ధం చెప్పేటప్పుడు మధ్యలో ఆపకూడదు, పూర్తిగా చెప్పనివ్వాలి. అది నా పద్ధతి. నీళ్ళు పొద్దున్న ఒక్క గంటే వస్తాయి. డ్రమ్స్ అంటారా, నాకు సాయంత్రాలు చదువుకునే అలవాటు. మనకి కుదరదనుకుంటాను."

"కుదరదండీ. క్షమించండి."

"మీరెందుకు క్షమాపణ చెప్పడం? ఇంతకీ మోకాళ్ళ నొప్పులకి మీ దగ్గర మంచి పూతమందు ఏదైనా ఉందా?"

ఆ సంభాషణ సామరస్యంగా ముగిసింది.

సర్దుబాటు గారు టీ తాగి పైకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. ఈసారి భార్య.

"ఏమండీ, రాత్రినుంచీ ఒకటే ముసురు. పడగ్గదిలో ఇంకో రెండు చోట్ల కారుతోంది. బకెట్లు చాలక కుక్కరు పెట్టాను. ఇవాళ వంట లేదు."

"కుక్కరు పెట్టావా? దాన్ని తీసేసి..."

"తీస్తే మంచం తడుస్తుంది. మూణ్ణెల్లుగా అడుగుతున్నాను. ఊరందరికీ ఇళ్ళు చూపిస్తారు, మనకొక్కటి చూపించలేరా?"

"ఎక్కడున్నాయే ఇళ్ళు? భూతద్దం పెట్టి వెతికినా ఒక్కటి ఖాళీ లేదు."

"ఆ గోడకి వేలాడే తాళంచెవులు ఎవరివి మరి?"

"హలో... హలో... వినపడట్లేదు..." టక్.

ఆయన నిట్టూర్చి టీచరమ్మగారి నంబరు నొక్కారు. ఆవిడ ఎత్తారు. అలవాటు కొద్దీ టక్.

"మేడమ్, షాపాయన మీ ఇంటికోసం తహతహలాడిపోతున్నాడు. నా చేతిలో ఏడిళ్ళు ఖాళీగా ఉన్నాయి. అన్నీ వద్దన్నాడు, మీదే కావాలన్నాడు."

"ఏడున్నాయా?" అన్నారు టీచరమ్మగారు. ఆవిడ గొంతులో పరీక్ష పేపరు దిద్దేటప్పటి ప్రశాంతత ఉంది. "నీళ్ళ గురించి వాళ్ళకి ఏం చెప్పారు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పాను మేడమ్. పొద్దున్న గంటసేపే అని."

"నా గురించి?"

"ఇలాంటి ఓనరమ్మ దొరకడం పూర్వజన్మ సుకృతం అన్నాను."

"సంతోషం. ఇంతకీ మీరుండే ఇల్లు ఎలా ఉంటుంది? ఇళ్ళ సంగతి తెలిసినవారు కదా."

"మా ఇంటికేం మేడమ్! ఎంత వాన కురిసినా లోపల చుక్క పడదు."

అప్పుడే లైన్లో "టప్" మని వినిపించింది. కుక్కర్లో నీళ్ళచుక్క పడిన చప్పుడు.

"మీ లైన్లో ఏదో చుక్కలు పడుతున్నట్టుంది మేడమ్."

"నా లైన్లో కాదు," అన్నారు ఆవిడ.

సర్దుబాటు గారికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానివాటిని కూడా సర్దుబాటు చేసుకోవడం ఆయనకి అలవాటు. రిసీవరు పెట్టేశారు. అవతల ఇద్దరు ఆడవాళ్ళు ఎవరి పరిచయం వాళ్ళు చేసుకుని ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

పన్నెండున్నరకి ఆయన అడ్వాన్సు ఎప్పుడిస్తారో కనుక్కుందామని మందుల షాపుకి ఫోను చేశారు.

"ఇంకా అడ్వాన్సేమిటండీ? ఆ ఇల్లు మాకు వద్దని ఓనరమ్మగారితో అప్పుడే చెప్పేశాను కదా."

"ఆవిడతో మీరెప్పుడు మాట్లాడారు?"

"మీరే కలిపారు కదండీ! పొద్దున్న మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ లైన్లోనే ఉన్నారు. టపాకాయ మాట కూడా విన్నారు."

సర్దుబాటు గారి చూపు నల్ల పెట్టె మీద పడింది. ఈసారి రిసీవరు మెల్లగా, పూర్తిగా పెట్టేశారు. వంగి బల్లకాలి కింది కాగితం లాగారు. బల్ల ఒరిగింది, మంచినీళ్ళ గ్లాసు బోర్లాపడింది. తడిసిన కాగితం మీద మరదలు ఎర్ర పెన్నుతో గీత గీసిన వాక్యం మాత్రం చక్కగా కనిపించింది: ఒకసారి నొక్కితే ఆగుతారు, రెండోసారి నొక్కితే కలుస్తారు.

మొదటిసారి కలిసింది ఎవరో తెలిసింది. మరి రెండోసారి? ఆ టప్ మన్న చప్పుడు ఇప్పుడు చెవిలో పిడుగులా పడింది. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. గొడుగు కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తారు.

తలుపు తీసే ఉంది. గదిలో కారని చోటు చూసి వేసిన ఒకే ఒక్క కుర్చీలో టీచరమ్మగారు కూర్చుని ఉన్నారు. ఒడిలో చేతిసంచీ, పక్కన గోడకి ఆనించిన గొడుగు. ఆవిడ తలెత్తి పైకప్పుని శ్రద్ధగా చూస్తున్నారు. భార్య వంటసామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"వచ్చారా," అంది భార్య తలెత్తకుండా. "ఇల్లు దొరికిందండీ."

"ఏ ఇల్లు?"

"ఏడిళ్ళూ వద్దని షాపాయన కోరుకున్నాడన్నారుగా, అదే."

సర్దుబాటు గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. బట్టల్లోంచి నీళ్ళు కారి చాప తడుస్తోంది. ఏ మాట మొదలుపెట్టినా అది ఇద్దరిలో ఎవరో ఒకరికి ఇంతకుముందే వేరే విధంగా చెప్పిన మాటే అవుతోంది.

"నాకొక్కదానికే ఎందుకు లేవన్నారు?" అని అడిగింది భార్య. కోపంగా అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పేవారే. మామూలుగా అడిగింది.

"బయటివాళ్ళకిస్తే నెల అద్దె కమిషను వస్తుంది," అన్నారు ఆయన నేల చూస్తూ. "మనమే దిగితే ఏం వస్తుందీ అని... తప్పే."

"ఇవాళ మీ నోట నేను విన్న మొదటి నిజం ఇది," అన్నారు టీచరమ్మగారు. "ఇంకొకటి కూడా చెప్పండి చూద్దాం. నా మేడమీద వాటాలో మీకు తెలిసి లోపం ఏదైనా ఉందా?"

"వెనక గది కిటికీ రెక్క పూర్తిగా మూసుకోదు మేడమ్. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా దానికి అడ్డంగా నిలబడి మాట్లాడేవాణ్ణి."

"నాకు తెలుసు. వడ్రంగి రేపు వస్తాడు." టీచరమ్మగారు చేతిసంచీలోంచి అద్దె ఒప్పందం కాగితాలు తీసి, తడి లేని చోటు చూసి పరిచారు. సర్దుబాటు గారి ప్రాణం లేచివచ్చింది. ఆయన గబగబా చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ముందుకి వంగారు.

టీచరమ్మగారు ఆ పెన్ను అందుకుని ఆయన భార్యకి ఇచ్చి, ఆవిడ సంతకం ఒక్కటీ చాలన్నారు.