ఇన్‌స్పెక్టరుగారు కాచిన సబ్బు

ఆదివారం పొద్దున్నే తూనికల ఇన్‌స్పెక్టరు వంటగదిని స్వాధీనం చేసుకున్నాడు. మర్నాడు బదిలీల మీద సంతకం పెట్టబోయే పైఅధికారికి ఇంట్లో చేసిన సబ్బు సమర్పించి, జాబితాలోంచి తన పేరు కొట్టేయించుకోవాలని ఆయన పథకం. ఆయనకు బదిలీ అయ్యే ఊళ్ళోనే ఇల్లాలి అక్క ఉంటుంది. అక్కడికి వెళ్ళాలని ఇల్లాలికి ప్రాణం కొట్టుకుంటోంది. ఆమెను ఎవరూ అడగలేదు.

"తయారుగా దొరికే సబ్బుముద్ద కరిగించి అచ్చులో పోస్తే చాలటండీ. కొత్తవాళ్ళకి అదే తేలికట."

"అది చంటిపిల్లల ఆట. నూనె, కాస్టిక్ సోడా కలిపి చేస్తా. పొయ్యి కూడా అక్కర్లేదు."

"సోడా కచ్చితంగా తూచాలిట. కాటా తేనా?"

"దానికి ప్రభుత్వ ముద్ర ఉందా? ముద్ర లేని కాటా వాడారని నిన్ననే కొట్లవాళ్ళకి జరిమానా రాశాను. నా ఇంట్లో నేనే వాడతానా?"

గ్రాము తేడా వస్తే బజారంతా వణికించే మనిషి, రబ్బరు తొడుగులు వేసుకుని సోడాను గుప్పెళ్ళతో పోశాడు. ఇల్లాలి అత్తగారి అల్యూమినియం గిన్నె బుసబుసమని పొంగి నల్లబడింది.

"ఓరి నాయనో, నా గిన్నె!"

"పొంగితే కుదురుతున్నట్టేనమ్మా!"

మళ్ళీ స్టీలు గిన్నెలో మొదలుపెట్టాడు. ఈ పద్ధతిలో సబ్బు ఆరి వాడకానికి రావాలంటే వారాలు పడతాయని అప్పుడు చదివాడు. వెంటనే గిన్నె పొయ్యెక్కింది. నూనె పైకి, నీళ్ళు కిందికి విడిపోయాయి. వాటిని కలపడానికి స్నానాలగదిలోని కొన్న సబ్బులన్నీ తురిమి పడేశాడు. సబ్బు చేయడానికి లోకంలో ఎన్ని దారులున్నాయో అన్నీ ఆ ఒక్క గిన్నెలోనే చెడిపోయాయి.

సాయంత్రానికి ఇటుకలాంటి గోధుమరంగు దిమ్మ దిగింది. దాని ముక్క తగిలిన చోటల్లా గోడరంగు లేచిపోయింది.

"ఇది ఒంటికి పనికిరాదండీ."

"నీకేం తెలుసు? మురికి వదులుతోంది!"

రెండోసారి చెప్పబోయి ఇల్లాలు ఆగింది. ఈ ఇటుక చూశాక ఏ అధికారీ బదిలీ ఆపడు. ఆయన దిమ్మకు రంగుకాగితం చుట్టి అధికారి ఇంటికి పట్టుకెళ్ళగానే, అటక మీంచి ట్రంకుపెట్టె దించి బూజు దులిపింది.

సోమవారం సాయంత్రం ఆయన ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"సారు భార్య, మేడంగారు, గిన్నెలు తోమే సబ్బనుకున్నారట! ఏళ్ళనాటి మాడు దూదిపింజలా ఊడొచ్చిందట. ఇలాంటి పనిమంతుణ్ణి ఊరు దాటనివ్వద్దని సారు దగ్గర పట్టుబట్టారు. బదిలీ రద్దు!"

"నా కొడుకు చెయ్యి పడిందంటే అంతే," అంది అత్తగారు, నల్లగిన్నె సంగతి మరిచిపోయి.

అంతలో అక్క ఫోను. "ఎప్పుడొస్తున్నారే? మా పక్కిల్లు మాట్లాడి పెట్టా."

ఇల్లాలు మొగుడి వంక చూసింది.

"సబ్బు కుదిరిందక్కా," అని ఫోను పెట్టేసింది.