ఏప్రన్ జేబులో కొండంత అండ

అయ్యలారా, అమ్మలారా! జేబులో రివాల్వర్ లేని మనిషి నిశ్చింతగా కాఫీ తాగలేడని బల్లగుద్ది చెబుతున్నాను. అదీ ఎంత చిన్నదైతే అంత మేలు. పిట్ట కొంచెం, కూత ఘనం! నమ్మకపోతే టెక్సస్‌లో మా డ్రై ఫోర్క్ వచ్చి నెల్డాను చూడండి.

మా ఊళ్ళో వీధి తలుపులు పాస్టరుగారికీ, పోస్టుమాన్‌కీ మాత్రమే. మిగతావాళ్ళంతా వంటింటి తలుపు తోసుకుని లోపలికొచ్చేస్తారు. తలుపు తట్టారంటే అలిగారని అర్థం. నెల్డా ఇంట్లోకి పక్కింటి ఓపల్ రోజూ పొద్దున్నే అలాగే వచ్చేది. నెల్డా ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇద్దరికీ మొదటి కాఫీ కలిసే. మొగుడు వెర్లిన్ లేకుండా తెల్లవారిన రోజులున్నాయి గానీ, ఓపల్ లేకుండా తెల్లవారిన రోజు నెల్డాకు లేదు.

చూశారా ఎంత అజాగ్రత్తో! ఓపల్ వచ్చే దారినే దొంగ వస్తే?

ఈ ప్రశ్న వెర్లిన్‌కు వచ్చింది. టీవీలో ఎక్కడెక్కడి దోపిడీలూ చూసి చూసి, ఆ మనిషికి తిండి సహించడం మానేసింది. పెళ్ళిరోజుకి పిండి కలిపే మిషన్ కావాలని నెల్డా అడిగింది. పిండి మిషన్ దొంగను ఆపుతుందా? అందుకని గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ కొనిచ్చాడు. అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తే కనబడదు. నిద్ర లేచింది మొదలు ఏప్రన్ జేబులోంచి తియ్యకూడదని మాట కూడా తీసుకున్నాడు.

ఆ బుల్లి ఆయుధం గొప్పదనం ఏమని చెప్పను! పిడి రెండు వేళ్ళకే సరిపోతుంది. మిగిలిన వేళ్ళు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఎవరి తెలివి వారిది. గుళ్ళు నింపాలంటే ముందు కళ్ళజోడు వెతకాలి. తర్వాత గుళ్ళుండే చక్రాన్ని పూర్తిగా బయటికి తీసి, బఠాణీ గింజల్లాంటి గుళ్ళు ఐదూ ఒక్కొక్కటే దూర్చి, మళ్ళీ చక్రం బిగించాలి. ఈలోగా దొంగ ఏం చేస్తాడంటారా? మా టెక్సస్ దొంగలు మర్యాదస్తులు. సోఫాలో కూర్చుని ఐసు వేసిన తీపి టీ తాగుతూ ఉంటారు.

ఊరవతల పాత క్వారీలో బుఫోర్డ్ అనే ఆయన శనివారాలు ఆడవాళ్ళకు తుపాకీ నేర్పుతాడు. పద్ధతి గల మనిషి. వారానికి ఒక్కటే పాఠం. మొదట పట్టుకోవడం, ఆపైన గుళ్ళు నింపడం, మూడో వారం ఎక్కుపెట్టడం. ఈ జాతి రివాల్వర్‌కు వెనకాల చిన్న సుత్తి ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగి నిలబెడితేనే, ఆ తర్వాత మీట నొక్కినప్పుడు పేలుతుంది. నెల్డా వేళ్ళకు కీళ్ళనొప్పులు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా లాగింది. “చప్పుడు వినగానే లాగాలమ్మా. వచ్చిందెవరో తర్వాత విచారించుకోవచ్చు” అన్నాడు బుఫోర్డ్. ఆవిడ తన బొమ్మకు గురిపెడితే పక్కావిడ బొమ్మ గుండెకు తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమంతా నెల్డా ఇంట్లో ఖాళీ రివాల్వర్‌తో సాధన చేసింది. నిద్రలో కూడా బొటనవేలు కదిలేదని వెర్లిన్ మురిసిపోయి, గురువారం స్వయంగా గుళ్ళు నింపి, మర్నాడు తెల్లవారకముందే చేపలు పట్టడానికి వెళ్ళాడు.

ఆ శుక్రవారం పొద్దున నెల్డా రొట్టెలకు పిండి తీస్తోంది. వంటింటి తలుపు కిర్రుమంది. చెయ్యి జేబులోకి పోయింది, సుత్తి వెనక్కి వచ్చింది, నెల్డా గిర్రున తిరిగింది. పాఠం అక్షరాలా అమలైంది! ఎదురుగా, పీచ్ పండ్ల మీద పిండి పరిచి కాల్చే కాబ్లర్ అనే తీపి వంటకం గిన్నె పట్టుకుని ఓపల్.

“నెల్డా, నేనే.”

“తెలుసే.”

“తెలిస్తే దించవేం?”

“దించడం రాదే. అది రేపటి పాఠం.”

నవ్వకండి. ఎక్కుపెట్టిన ఆ గోరంత సుత్తిని పేలకుండా కిందికి దించడం అన్నిటికన్నా కష్టమట. అందుకే బుఫోర్డ్ దాన్ని చివరికి ఉంచాడు. పెరట్లోకి పోయి కాల్చెయ్యమంది ఓపల్. తన గుండు ఎటు పోతుందో నెల్డాకు బాగా తెలుసు, పెరట్లో ఓపల్ కోళ్ళున్నాయి. చేసేది లేక పిండి బస్తాకు గురిపెట్టి కుర్చీలో కూలబడింది. వెర్లిన్ ఫోన్ పలకలేదు. ఓపలే బుఫోర్డ్‌కు ఫోన్ చేసి, కాఫీ కాచి, కప్పు నెల్డా నోటికి అందించి తాగించింది. నెల్డాకు ఏడుపాగలేదు. ముక్కు కూడా ఓపలే తుడిచింది.

బుఫోర్డ్ వచ్చి సుత్తిని చిటికెలో దించి, పాఠం ఒక రోజు ముందే అయిపోయినందుకు సంతోషించి, టోపీ అంచు తాకి వెళ్ళిపోయాడు. అంతవరకూ ధైర్యంగా ఉన్న ఓపల్ అప్పుడు కాబ్లర్ గిన్నె బల్లమీదే వదిలేసి, వీధి తలుపు తీసుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు ఎవరో వంటింటి తలుపు తట్టారు.

“నెల్డా, నేను ఓపల్‌ని. రావచ్చా?”

“అదేం ప్రశ్నే?”

“ముందు నీ చేతులెక్కడున్నాయో చెప్పు.”

“పిండిలో.”

ఓపల్ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. వాన గురించి మాట్లాడి, కప్పులో సగం కాఫీ వదిలేసి పోయింది. ఈ సంగతి విని ఆవిడ కొడుక్కి భయం పట్టుకుంది. తల్లికీ ఒక బుల్లి రివాల్వర్ కొనిచ్చాడు, ముత్యాల పిడిది. దాంతో నెల్డా కూడా ఫోన్ చేసి, చేతులెక్కడున్నాయో అడిగి వెళ్ళవలసి వచ్చింది. కాఫీ కోసం ఇంత విచారణ ఎవరికి ఓపిక? మెల్లగా ఇద్దరూ మానేశారు.

నెల్డా ఇప్పుడు ఎక్కుపెట్టడంలోనూ, దించడంలోనూ ఊళ్ళో ఫస్టు. సాయంత్రాలు మా ఇంటికొచ్చినప్పుడల్లా వెర్లిన్ ఛాతీ విరుచుకుని చెబుతుంటాడు, ఆ రివాల్వర్ కొన్నాక వంటింటి తలుపు తోసుకుని ఒక్క పురుగు కూడా లోపలికి రాలేదని. నిజమే, అబద్ధమాడితే కళ్ళు పోతాయి. దొంగ ఇంతవరకూ రాలేదు. అంతకుముందు మాత్రం ఎప్పుడొచ్చాడు గనక? వచ్చేది ఓపల్ ఒక్కతే.