నాలుగు గడియార స్తంభాలు

ఆ ఆదివారం ఉదయం చీఫ్‌గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫలహారం కాగానే బయలుదేరి, రాజధాని నడిబొడ్డున ఉన్న వెడల్పాటి వీధుల మీదుగా పాతపేటలోకి ప్రవేశించి, గడియార స్తంభం, పాత కోర్టు, రాతి వంతెన వియ్యంకుడికి చూపించి, భోజనాల వేళకు ఇల్లు చేరడం. నగర ట్రాఫిక్ విభాగంలో చీఫ్ ఇంజనీరుగా రిటైరై ఏళ్లు గడిచినా, ఇంటాబయటా అందరికీ ఆయన చీఫ్‌గారే. పాతపేటలో ఏ వీధిన ఏ దిక్కుకు బండి పోవాలో ఒకప్పుడు నిర్ణయించినది ఆయనే.

అయితే ఆ షికారు వెనుక ఒక షరతు ఉంది. నాన్నగారి చూపు మందగించిందనీ, కారు తాళం ఇక తన దగ్గర ఉండడమే క్షేమమనీ కూతురు కొన్నాళ్లుగా పోరుతోంది. చివరికి ఆమే ఒక దారి చెప్పింది.

"మా మావయ్యగారిని అలా ఊళ్లో తిప్పుకు రండి నాన్నా. మీరు బాగా నడిపారని ఆయనంటే తాళం మీ దగ్గరే ఉంచుకోండి. తడబడ్డారన్నారా, మారు మాట్లాడకుండా నాకిచ్చెయ్యాలి."

వియ్యంకుడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవారు. చూసింది చూసినట్టు చెప్పడం తప్ప మరొకటి ఎరగరు. అలాంటి తీర్పరి దొరికినందుకు చీఫ్‌గారు లోలోపల సంతోషించారు.

నడిబొడ్డు దాటేవరకూ ప్రయాణం పెళ్లినడకలా సాగింది. పక్క సీటులో భార్య, వెనుక సీటులో వియ్యంకుడు. పాతపేటలో గడియార స్తంభం దగ్గర చీఫ్‌గారు కారు నెమ్మది చేసి, దాన్ని ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో సవివరంగా చెప్పారు. వియ్యంకుడు తలాడించారు. అక్కడినుంచి కుడివైపు తిరిగితే రాతి వంతెన. కాని ఆ మలుపులో "ప్రవేశం లేదు" అన్న బోర్డు ఎదురైంది. తరువాతి మలుపులోనూ అదే బోర్డు. ఆ తరువాతా అదే. తాను పొమ్మన్న దిక్కుకు పోనీయకుండా ఎవరో తన వీధులన్నీ తిరగేశారని ఆయనకు అర్థమయ్యేసరికి, కారు కోర్టు వెనుకగా చుట్టి మళ్లీ స్తంభం ముందుకు వచ్చింది. జీవితమంతా అలాంటి బోర్డులు పాతించిన మనిషి ఒక్క బోర్డును దాటలేడు. దారి తప్పానని చెప్పనూలేడు.

"ఇదేమిటి బావగారూ, ఇదీ గడియార స్తంభమేనా?" అన్నారు వియ్యంకుడు.

చీఫ్‌గారు గొంతు సవరించుకున్నారు. "అవునండి. ఇది రెండోది. ఇందాకటిది ఉత్తర స్తంభం, ఇది దక్షిణ స్తంభం. ఇద్దరు నగరాధ్యక్షులు ఒకరంటే ఒకరికి పడక, పోటీపడి కట్టించారు."

భార్య కిటికీలోంచి ఎటో చూడసాగింది.

"అదీ సంగతి. ఇందాకటి గడియారం కంటే ఇది కాస్త ముందుంది. వేరే గడియారమని దాంతోనే తెలిసిపోతోంది" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, కొలతలో తేడా పట్టుకున్న తృప్తితో.

ఇంతలో ఒక పర్యాటకుల బస్సు పక్కకు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "సార్, బయటికి దారెటండీ? అరగంట నుంచి తిరుగుతున్నాను" అన్నాడు. వెనుక తీర్పరి వింటున్నారు. చీఫ్‌గారు కిటికీలోంచి చెయ్యి ఊపారు.

"నా వెనకే రండి."

బస్సు వెనుకే వచ్చింది. బస్సుకు దారి తెలుసుననుకుని రెండు టాక్సీలు దాని వెనుక చేరాయి. టాక్సీవాళ్లకు తెలియని దారి ఉండదనుకుని మరో అరడజను కార్లు, చివర ఒక కూరగాయల వ్యానూ తోడయ్యాయి. మూడోసారి స్తంభం కనబడినప్పుడు చీఫ్‌గారు, కాంట్రాక్టరు దగ్గర రాయి మిగిలిపోతే ఈ మూడోదాన్ని కట్టారని చెప్పారు. బస్సులోని వాళ్లందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఆ బెలూన్లమ్మే మనిషి మూడు స్తంభాల దగ్గరా ఉన్నాడేమిటమ్మా?" అన్నారు వియ్యంకుడు.

"అన్నదమ్ములండీ అన్నయ్యగారూ. ఇంటిల్లిపాదికీ అదే వ్యాపారం" అంది చీఫ్‌గారి భార్య, తల తిప్పకుండానే.

ఆ తరువాతి చుట్టులో చీఫ్‌గారికి ముందు ఒక కూరగాయల వ్యాను కనిపించింది. ఆయన ప్రాణం లేచివచ్చింది. సరుకులబండికి దారి తెలియకుండా ఉండదు కదా. దాని వెనుకే పోసాగారు. అది తన ఊరేగింపుకే తోక అని ఆయనకు తట్టలేదు. అందరూ ఒకరి వెనుక ఒకరు నమ్మకంగా తిరుగుతుండగా, వలయం పూర్తిగా మూసుకుపోయింది. నాలుగో స్తంభం గురించి చెప్పడానికి ఆయన దగ్గర చరిత్ర మిగలలేదు.

"ఏమండీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఆ ఎడంచేతి సందులోకి పోనివ్వండి" అంది భార్య.

"అది రోడ్డు కాదు. నా ప్లానులో మూసేశాను."

"మీ ప్లానులో మూసేశారేమో. ఎదురుగా తెరిచే ఉంది. పోనివ్వండి."

పోనిచ్చారు. సందు చివర పెద్ద రోడ్డు ప్రత్యక్షమైంది. బస్సు డ్రైవరు వెనుకనుంచి చేతులెత్తి దండం పెట్టాడు.

ఇంటి దగ్గర కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. చీఫ్‌గారు కారు దిగి, మెడ నిటారుగా పెట్టుకుని తీర్పు కోసం నిలుచున్నారు.

"ఒక్క తప్పు లేదమ్మాయ్. ఎంత నిదానం, ఎంత నియమం. నాలుగు గడియార స్తంభాలూ దగ్గరుండి చూపించారు. దారి తెలీక బస్సులవాళ్లు సైతం ఆయన్నే పట్టుకుని వచ్చారంటే చూసుకో" అన్నారు వియ్యంకుడు.

కూతురు తాళం ఉన్న తండ్రి చేతిని తన చేత్తో మూసి, "నాదే పొరపాటు నాన్నా" అంది. చీఫ్‌గారి గుప్పిట బిగుసుకుంది. కళ్లు చెమర్చాయి.

"ఒక్క చిన్న మాట బావగారూ" అన్నారు వియ్యంకుడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "మా అన్నయ్య చరిత్ర పంతులు, ఇప్పుడే ఫోనులో సంగతి చెప్పాను. ఈ ఊళ్లో ఉన్నది ఒకే స్తంభమని వాదిస్తున్నాడు. రేపు పొద్దున్నే రైలుకి దిగుతున్నాడు. మీ కారులోనే తీసుకెళ్లి, నాలుగూ వేలుపెట్టి చూపించాలి."

చీఫ్‌గారు గుప్పిట విప్పి, తాళం కూతురి చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న గుమ్మం తలుపు కోసం చేత్తో తడుముకుంటూ లోపలికి నడిచారు.

"నువ్వన్నదే నిజం తల్లీ. చూపు బొత్తిగా ఆనడం లేదు."

తన మాట తండ్రిచేత ఒప్పించగలిగినది తన ఓర్పేనని కూతురు ఇప్పటికీ నలుగురికీ చెబుతుంది.